లేఖనక్లేశము – గణితవిద్య: తెలుగున గణితమును పలుకు పద్ధతిని గూర్చి ఒక పరిశీలనము

భాష వేఱు, లిపి వేఱు. భాష నాలుకకును చెవికిని సంబంధించినది; లిపి చేతికిని కంటికిని సంబంధించినది. ఈ భేదమును మనము భాషాశాస్త్ర విద్యార్థులకు మొదటి పాఠముననే బోధించుచున్నాము. కాని తరగతిలో అడుగిడినంతనే దానిని మఱచి, వ్రాయలేనివానికి విషయమే రాదని తీర్పు చెప్పుచున్నాము. సాహిత్యబోధనమునందు ఈ పొరపాటును కొంత సవరించుకొనుటకు వీలున్నది; బాలునిచే పద్యము చదివించి, అర్థము చెప్పించి, అతని నేర్పును గ్రహింపవచ్చును. గణిత విజ్ఞానశాస్త్రములందు ఆ వీలు మిక్కిలి తక్కువ. అచట వ్రాతయే విద్యయని అందఱును తలంచుచున్నారు. ఆ తలంపు ఎంతవఱకు సమంజసమో, దానిని సవరించుటలో తెలుగు శాఖలకు గల బాధ్యత యేమో నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విషయమునకు నన్ను పురికొల్పిన సంఘటన మొకటి కలదు. విశ్వవిద్యాలయమునకు రాకపూర్వము నేను రామకుప్పము ప్రాంతమున తెలుగు ఉపాధ్యాయుడనుగా ఉంటిని. ఒకనాడు పదవతరగతి ప్రీ-ఫైనల్ గణిత పరీక్షకు పర్యవేక్షకుడనైతిని. ఆ గదిలో ఒక్కడే విద్యార్థి. వానికి వ్రాయుట యనిన నరకము. కావున తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేఖకుడుగా నియమింపబడెను. లంబకోణ త్రిభుజమున రెండు భుజములు 3, 4 అయినపుడు కర్ణమెంత యని ప్రశ్న. విద్యార్థి తడుముకొనక, “తొమ్మిది ప్లస్ పదహారు వర్గమూలము, అయిదు” అనెను. లేఖకుడు విన్నది విన్నట్లు 9 + √16 = 5 అని వ్రాసెను. నేను చూచితిని, పర్యవేక్షకుడు మాటాడరాదు గనుక ఊరకుంటిని. పత్రమును దిద్దిన ఉపాధ్యాయుడు, సోపానము తప్పయి ఫలితము మాత్రము ఒప్పగుటను చూచి, ఇది ఎవరో అందించిన సమాధానమని ఎంచి సున్న చుట్టెను. బాలుడు చెప్పినదానిలో దోషము లేదు. లేఖకుడు విన్నదానిలో దోషము లేదు. దిద్దినవాడు చూచినదానిలోను దోషము లేదు. ముగ్గురి నడుమనున్న తెలుగు వాక్యమునందే దోషమున్నది. ఆ వాక్యము నా విషయము, గణితోపాధ్యాయునిది కాదు.

1. లేఖనక్లేశ స్వరూపము

ఆంగ్ల వైద్యగ్రంథములందు డిస్‌గ్రాఫియా యని వ్యవహరింపబడు ఈ స్థితిని కొందఱు లేఖనవైకల్యమని అనువదించుచున్నారు. ఇందు చేయి వికలము కాదు, బుద్ధి అసలే వికలము కాదు. వ్రాత యను క్రియ మాత్రము క్లేశకరము. అందువలన ఈ వ్యాసమున లేఖనక్లేశమను పదమును వాడుచున్నాను. అక్షరముల ఆకృతిని జ్ఞాపకమునుండి వెలికిదీయుట, వ్రేళ్ళను తదనుగుణముగా నడుపుట, కాగితముపై చోటును అంచనా వేయుట అను మూడు పనులలో ఏది కుంటువడినను ఈ స్థితి ఏర్పడును. ఇతరులకు ఈ మూడును అభ్యాసవశమున అప్రయత్నముగా జరిగిపోవును. ఈ బాలునకు ప్రతి అక్షరమును ఒక క్రొత్త ప్రయత్నమే. మనస్సునకు ఏకకాలమున నిలుపుకొను శక్తి పరిమితము. అది అక్షరరచనకే వ్యయమైనపుడు ఆలోచనకు మిగులునది స్వల్పము.

తెలుగు లిపి ఈ క్లేశమును మఱింత వెల్లడించును. ‘స్త్రీ’ యను ఒక్క అక్షరము వ్రాయుటకు చేయి పంక్తిపై సకారమును నిలిపి, పైకి పోయి గుడిదీర్ఘ మొసగి, క్రిందికి దిగి తకారపు ఒత్తును, రకారపు ఒత్తును తగిలింపవలెను. తలకట్టు, గుడి, ఒత్తులు పంక్తికి పైనను క్రిందను ఉండునవి. ఇట్టి బాలుని వ్రాతలో ఒత్తులు జాఱిపోవుటయు, గుణింతపు గుర్తులు లోపించుటయు, పదముల నడుమ ఎడము లేకుండుటయు ఉపాధ్యాయులు గమనింపదగిన చిహ్నములు. నోటితో అడిగినపుడు చక్కగా చెప్పి, కాగితముపై తప్పుటయే అన్నిటికంటె ముఖ్యమైన చిహ్నము. సంఖ్యాభావమే పట్టుపడని గణనక్లేశము దీనికి భిన్నమైనది. రెండును ఒకే బాలునియందు ఉండవచ్చును. కాని ఒకటి యున్నదని రెండవదానిని ఊహింపరాదు.

2. గణితలేఖనమున గల విశేషము

వచనము ఏకరేఖగా సాగును. గణితము అట్లు సాగదు. అందు పైకి క్రిందికి గల స్థానమే అర్థమును నిర్ణయించును. 47ను 23చే గుణించునపుడు మొదటి పంక్తిలో 141, రెండవ పంక్తిలో 94 వచ్చును. రెండవదానిని ఒక స్థానము ఎడమకు జరిపి కూడిన 1081. జరుపుట తప్పిన యెడల 235. బాలునకు ఎక్కములు వచ్చును, గుణకారము తెలియును. అంకె ఒక అంగుళములో నాల్గవ వంతు ప్రక్కకు ఒఱగినందున సమాధానము తప్పెను. ఘాతాంకము కొంచెము క్రిందికి దిగిన గుణకమగును. దశాంశబిందువు కనబడకున్న విలువ పదింతలో నూఱింతలో మాఱును. రసాయనశాస్త్రమున పెద్ద సి, పెద్ద ఓ ప్రక్కప్రక్కన ఉన్న కార్బన్ మోనాక్సైడు. ఓ అక్షరము చిన్నదైన అది కోబాల్టు లోహము. తెలుగు లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదమే లేదు గనుక తెలుగు మాధ్యమమున చదువుకొను బాలునకు ఇది రెట్టింపు భారము.

3. తరగతిలో చేయదగిన ఏర్పాటులు

వీనికి ఖరీదైన సాధనములు అక్కఱలేదు. గళ్ళ పుస్తకమిచ్చి గడికొక అంకె వ్రాయించుట మొదటిది. గళ్ళ పుస్తకము దొరకనిచో గీతల పుస్తకమును అడ్డముగా త్రిప్పినచో గీతలే నిలువు వరుసలగును. ఒకట్లు, పదులు, వందలు తమతమ చోట్ల నిలుచును. నల్లబల్లపై లెక్కలను ఎక్కించుకొను పనిని తప్పించి, వానిని కాగితముపై ముద్రించి ఇచ్చుట రెండవది. ఒకే రకపు లెక్కలు ఇరువది ఇచ్చుటకు మాఱుగా అయిదిచ్చి, అయిదును పూర్తిగా చేయించుట మూడవది. విజ్ఞానశాస్త్రమున హృదయమో పుష్పమో గీయుమనుటకు బదులు గీచిన పటమునిచ్చి భాగములను గుర్తింపజేయుట, ప్రయోగశాలలో ఉపకరణములను ఈ బాలునిచేతనే పట్టించి వివరములను తోటివానిచే వ్రాయించుట, గ్రాఫునకు అక్షములను ముందే గీచి బిందువులను మాత్రము గుర్తింపజేయుట ఇట్టివే.

వీని కన్నిటికిని ఆధారమైన సూత్రము ఒక్కటియే. ఈ ప్రశ్న దేనిని పరీక్షించుచున్నదని ముందుగా అడుగవలెను. పరీక్షింపబడునది ఆలోచన యయినచో చేతిబరువును తొలగింపవచ్చును, ఆలోచనను తొలగింపరాదు. పుష్పభాగముల పనిని తెలిసికొనుటకు బొమ్మ గీయు నేర్పు అవసరము లేదు. కాని ఉపపత్తిలో ఏ సోపానము తరువాత ఏది వచ్చునో బాలుడే చెప్పవలెను. అది మఱియొకడు చెప్పినచో అది సౌకర్యము కాదు, మోసము.

పదిమార్లు వ్రాయించిన చేయి తిరుగునుగదా యని కొందఱందురు. చిన్న తరగతులలో వ్రాత యభ్యాసము మేలు చేయుననుటలో సందేహము లేదు, దానిని మానరాదు. కాని చేయి తిరుగువఱకు గణితమును ఆపియుంచుట న్యాయము కాదు. తప్పునకు శిక్షగా నూఱుమార్లు వ్రాయించుట, కుంటివానిని కుంటుచున్నందులకు పరుగెత్తించుటవంటిది.

ఈ ప్రాంతముననే గమనింపదగిన ఒక పద్ధతి కలదు. మదనపల్లె సమీపమునందలి ఋషివాలీ విద్యాకేంద్రమువారు గ్రామీణ పాఠశాలలకొఱకు పాఠములను చిన్నచిన్న కార్డులుగా విభజించి, వానిని నిచ్చెనమెట్లవలె అమర్చిరి. బాలుడు తాను నిలిచిన మెట్టునుండి తన వేగముతో ముందునకు పోవును. ఇది లేఖనక్లేశము గలవారికని ఉద్దేశించినది కాదు. అయినను అందఱును ఒకే వేళ ఒకే పంక్తిని ఎక్కించుకొనవలెనను నిర్బంధము లేనిచోట ఇట్టి బాలుడు వెనుకబడినవాడుగా ముద్రపడుటకు అవకాశము తక్కువ.

4. శాసనము

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చినది. నిర్దిష్ట అభ్యసన వైకల్యములను, వానిలో లేఖనక్లేశమును, ఆ చట్టపు అనుబంధము పేర్కొన్నది. 16వ విభాగము ఇట్టి పిల్లలను వీలయినంత త్వరగా గుర్తింపవలెనని విధించుచున్నది. 17వ విభాగము పరీక్షలలో అదనపు సమయము, లేఖకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మున్నగువానిని ఉదాహరించుచున్నది. కేంద్రప్రభుత్వపు మార్గదర్శకముల ననుసరించి గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ అదనపు సమయ మొసగవలెను. నిర్ధారణకై 2018వ సంవత్సరమున వెలువడిన మార్గదర్శకములు బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థ రూపొందించిన పరీక్షావళిని పేర్కొన్నవి. కుప్పము, రామకుప్పము ప్రాంతములవారికి బెంగుళూరు రైలుదారిలో దగ్గఱి మహానగరమగుట ఒక సదుపాయము. మండలములందలి భవిత కేంద్రములు తొలి సలహాకు ఉపకరించును.

సర్వోన్నత న్యాయస్థానము 2021వ సంవత్సరమున రెండు తీర్పులలో ఈ విషయమును చర్చించినది. ఫిబ్రవరి 11న వెలువడిన మొదటి తీర్పు పౌరసేవల పరీక్షకు సంబంధించినది. వ్రాతలో చేయి పట్టుకొనిపోవు అభ్యర్థికి, నలువదిశాతపు వైకల్యము లేదను కారణమున లేఖకుని నిరాకరింపరాదని న్యాయస్థానము నిర్ణయించెను. తత్ఫలితముగా 2022 ఆగస్టు 10న క్రొత్త మార్గదర్శకములు వెలువడినవి. నవంబరు 23న వెలువడిన రెండవ తీర్పు వైద్యవిద్యా ప్రవేశపరీక్షను గూర్చినది. లేఖనక్లేశము గల ఒక విద్యార్థినికి రావలసిన ఒక గంట అదనపు సమయము పరీక్షాకేంద్రమున ఇయ్యబడలేదు. ఆమెకు పునఃపరీక్ష లభింపకపోయినను, జరిగిన అన్యాయమును సరిదిద్దు మార్గమును ఆలోచింపుమని న్యాయస్థానము పరీక్షాసంస్థను ఆదేశించెను. హక్కు పుస్తకమున ఉండుట వేఱు, గదిలో దొరకుట వేఱు అని దీనివలన తెలియుచున్నది.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. చట్టము భాషలనుండి మినహాయింపును ఉదాహరించినది; గణిత విజ్ఞానములను ఆ వరుసలో చేర్చలేదు. కావున ఆ శాస్త్రములందు లేఖకుడే బాలునకు ముఖ్యమైన దిక్కగుచున్నాడు.

5. తెలుగు వాక్యక్రమము – గణితసంజ్ఞాక్రమము

అభ్యర్థి తానే లేఖకుని తెచ్చుకొనునపుడు ఆ లేఖకుని విద్యార్హత అభ్యర్థి అర్హతకంటె తక్కువగా ఉండవలెనని నియమము. అక్రమములను నివారించుటకు ఇది అవసరమే. కాని దాని పర్యవసాన మేమి? లేఖకుడు తాను చదువని సూత్రములను చెవితో విని కంటికి కనబడునట్లు వ్రాయవలెను. అర్థము తెలియనివాడు శబ్దమును మాత్రమే ఆశ్రయించును. కావున ఆ శబ్దము నిస్సందేహముగా ఉండవలెను. మన తెలుగు పలుకుబడి అట్లున్నదా?

మొదట వర్గమూలమును తీసికొందము. తెలుగున క్రియ వాక్యాంతమున వచ్చునట్లే, గణితక్రియానామమును సంఖ్యల వెనుకనే వచ్చును: “పదహారు యొక్క వర్గమూలము.” వ్రాతలో సంజ్ఞ ముందు వచ్చును. లేఖకుడు ఆ మాట వినునప్పటికే 9 + 16 అని వ్రాసియుండును. ఆ మూలము పదహాఱునకు మాత్రమా, మొత్తమునకా యని ఎట్లు తెలియును? మొదటి అర్థమున విలువ 13. రెండవ అర్థమున 5. పై బాలునకు జరిగినది ఇదియే.

రెండవది భిన్నము. “మూడింట రెండు వంతులు” అనునపుడు హారము ముందు, లవము వెనుక. వ్రాతలో లవము పైన, హారము క్రింద. తమిళుల “మూన్ఱిల్ ఇరండు”, కన్నడిగుల “మూరరల్లి ఎరడు” అను పలుకులును ఇట్టివే. మూడు భాషలు కలియు ఈ సీమలో బాలుడు ఏ యింటి భాషవాడైనను ఈ వ్యత్యయము తప్పదు. దీనికితోడు తరగతిలో “రెండు బై మూడు” అను ఆంగ్లానుకరణము నేర్పుచున్నారు. అది క్రమమును సరిచేసినను సందేహమును తీర్చదు. “ఎక్స్ ప్లస్ మూడు బై రెండు” అనినపుడు ఎక్స్ విలువ 5 అయినచో, మొత్తమును భాగించిన 4. మూడును మాత్రమే భాగించిన ఆఱున్నర.

మూడవది ఘాతము. “రెండు ఎక్స్ వర్గము” అనిన వర్గము ఎక్స్‌కు మాత్రమా, రెండింటికిని కలిపియా? ఎక్స్ 3 అయినచో మొదటి అర్థమున 18, రెండవ అర్థమున 36.

ఇది తెలుగు భాషకు లోపము కాదు. ఆంగ్లమునందును ఈ సందిగ్ధత కలదు. అంధుడైన అమెరికా గణితాచార్యుడు అబ్రహాం నెమెత్ (1918–2013) గణితమునకు బ్రెయిలీ లిపిని కూర్చుటయే గాక, ఇతరులు తనకు గణితమును చదివి వినిపించుటకును, తాను చెప్పుచు వ్రాయించుటకును ఒక పలుకుబడిని ఏర్పఱచెను. భిన్నము మొదలగుచోటును ముగియుచోటును నోటితో చెప్పుట దానికి మూలము. 1983లో లారెన్స్ ఛాంగ్ గణితమును నోట పలుకు విధమునకు ఒక కరదీపికను సంకలించెను. తెలుగున అట్టి నియమావళి మన ఉపాధ్యాయుల చేతికి రావలసియున్నది.

నోటి గణితము మనకు క్రొత్తది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్క పద్యమై కంఠస్థమయ్యెను. శాసనములందు శకవత్సరములను శశి, నేత్ర, వేద మున్నగు పదములతో చెప్పి, ఆ అంకెలను కుడినుండి యెడమకు పేర్చవలెనని ముందే ఒడంబడిక చేసికొనిరి. పలుకువానికిని వ్రాయువానికిని నడుమ సమయమున్నచో శబ్దము సంఖ్యను చెడకుండ మోయగలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల? పావు, పరక, వీసము అని భిన్నములకు ఒక్కొక్క మాటగా పేళ్ళు పెట్టుకొన్న జాతికి ఈ పని కష్టము కాదు.

6. ఒక ప్రతిపాదన

చర్చకొఱకు ఈ క్రింది నియమములను సూచించుచున్నాను.

ఒకటి: భిన్నమును “భిన్నము మొదలు, పైన ఎక్స్ ప్లస్ మూడు, క్రింద రెండు, భిన్నము ముగిసె” అని చెప్పవలెను. లవము, హారము అను పదములకంటె పైన, క్రింద అనునవి లేఖకునికి సులభములు.

రెండు: సంజ్ఞ వ్రాతలో ముందున్నచో పలుకులోను ముందే రావలెను. “మూలము మొదలు, తొమ్మిది ప్లస్ పదహారు, మూలము ముగిసె.”

మూడు: ఘాతమును “ఎక్స్‌పై రెండు” అని, రసాయన సూత్రములందలి చిన్న అంకెను “హెచ్ క్రింద రెండు” అని చెప్పవలెను. మొత్తమునకు ఘాతమున్నచో “బ్రాకెట్ మొదలు, రెండు ఎక్స్, బ్రాకెట్ ముగిసె, పై రెండు.”

నాలుగు: రసాయన సంకేతములందు ప్రతి అక్షరమునకు ముందు పెద్ద, చిన్న అని చెప్పవలెను.

అయిదు: పెద్ద సంఖ్యలను అంకె అంకెగా చెప్పవలెను. పంక్తి మాఱునపుడు “క్రొత్త పంక్తి” అనవలెను.

ఆఱు: ప్రతి పంక్తి ముగిసిన పిమ్మట లేఖకుడు తాను వ్రాసినదానిని ఇదే పద్ధతిలో తిరిగి చదివి వినిపింపవలెను. విద్యార్థి కాగితమును చూచి సరిచూచుకొనవలెను.

లేఖకుని తగినవాడో కాదో పరీక్షించుకొనుటకు పరీక్షకు రెండు దినములు ముందుగా అతనిని కలిసికొను అవకాశమును మార్గదర్శకములు అభ్యర్థికి ఇచ్చుచున్నవి. ఆ రెండు దినములను ఈ నియమముల అభ్యాసమునకు వినియోగింపవచ్చును. అంతకంటె మేలైనది, గణితోపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయుచు ఏడాది పొడుగునను తానే ఇట్లు పలుకుట. అపుడు తరగతి యంతయు ఈ పలుకుబడిని వినును. ఏ బాలుడును ప్రత్యేకముగా వేలెత్తి చూపబడడు. చూపు లేనివారికిని ఇదే మేలు కలుగును.

ఇది గణితశాఖవారు చేయవలసిన పనియని మన మనుకొనవచ్చును. సూత్రముల సత్యము వారిది. వాక్యముల సందిగ్ధత మనది. ఏ పదము ఏ పదముతో అన్వయించునో విచారించుట వ్యాకరణపు పని. పద్యములందలి దూరాన్వయములపై పరిశోధనలు చేయుచున్న మన విద్యార్థులలో ఒకరైనను పరీక్షాగదిలోని ఈ అన్వయమును పరిశోధనాంశముగా గ్రహించి, ఈ సీమలోని తెలుగు, తమిళ, కన్నడ, ఉర్దూ బాలురు భిన్నములను మూలములను ఎట్లు పలుకుచున్నారో సేకరించినచో, పై నియమములలో నిలువదగినవి యేవో, త్రోసివేయదగినవి యేవో తేలును.

వ్యాసుడు చెప్పగా వ్రాసిన గణపతికి, అర్థము తెలియక వ్రాయరాదను నియమము ఉండెనని పెద్దలు చెప్పుదురు. మన పరీక్షలలోని లేఖకునికి అర్థము తెలియుట కష్టము. అట్టివాని చేతిలోనే బాలుని సంవత్సరమును పెట్టుచున్నాము. కనీసము అతని చెవికి చేరు మాటనైనను నిర్దుష్టముగా చేయుట మన విధి. ఆనాడు రామకుప్పము గదిలో నేను మౌనముగా ఉంటిని; నియమము అట్టిది. మాట యెట్లుండవలెనో చెప్పుటకు తెలుగు ఉపాధ్యాయునకు ఏ నియమమును అడ్డు రాదు.